గోడ ఎవరి ఖర్చు?

నమస్తే అండీ.

2015 ఏప్రిల్ 25. శనివారం. పగలు 11 గంటల 56 నిమిషాలు. నేపాల్‌లో గోర్ఖా జిల్లా బార్‌పాక్ అనే ఊరి దగ్గర భూమి కదిలింది. తీవ్రత 7.8. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. కాఠ్మండులో ధరహరా స్తంభం మొదలు మాత్రం మిగిలి కూలిపోయిన ఫోటో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు టీవీల్లో గుళ్లు చూపించారు, రాజభవనాలు చూపించారు. బడుల గురించి మాత్రం మన దగ్గర పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. ఈ రోజు ఆ బడుల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఆ శనివారం సంగతి. నేపాల్‌లో వారపు సెలవు మనలాగా ఆదివారం కాదు, శనివారం. అంటే ఆ టైముకి బళ్లన్నీ ఖాళీ. తర్వాత ప్రభుత్వం లెక్క తీస్తే 8,242 సర్కారు బడులు దెబ్బతిన్నాయని తేలింది. పూర్తిగా పడిపోయిన తరగతి గదులు 25,134. ఇంకో 22,097 గదులు సగం సగం దెబ్బతిన్నాయి. ఇప్పుడు మీరే ఒక్క నిమిషం ఆలోచించండి. పడిపోయిన గదుల్లో ఒక్కోదానిలో పాతికమంది పిల్లలు కూర్చుని ఉన్నారనుకున్నా ఆరు లక్షల పైచిలుకు. బడి నడిచే రోజైతే, ఇదే టైముకి, వాళ్లంతా ఆ గదుల్లోనే ఉండేవాళ్లు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు కాసేపు నేను ఇంకేం చదవలేకపోయాను.

సెలవు లేని చోట ఏం జరుగుతుందో మనకు తెలుసు. 2005 అక్టోబర్ 8, అదీ శనివారమే. కానీ పాకిస్తాన్ చేతిలో ఉన్న కశ్మీర్‌లో, దాని పక్క జిల్లాల్లో ఆ శనివారం బడి ఉంది. పొద్దున 8 గంటల 50 నిమిషాలు, పిల్లలు అప్పుడప్పుడే తరగతుల్లో కూర్చున్నారు. ముజఫరాబాద్, బాలాకోట్ చుట్టుపక్కల బడి భవనాల కింద పడి 17 వేలకు పైగా పిల్లలు చనిపోయారు. 2008 మే 12, చైనాలో సిచువాన్. సోమవారం, మధ్యాహ్నం 2 గంటల 28 నిమిషాలు. చనిపోయిన, కనిపించకుండా పోయిన విద్యార్థులు 5,335 మంది అని ఏడాది తర్వాత ప్రభుత్వమే ఒప్పుకుంది. పక్కనున్న ఇతర భవనాలు నిలబడి బడి ఒక్కటే కుప్పకూలిన ఊళ్లు ఉన్నాయి అక్కడ. చచ్చిపోయిన పిల్లల ఫోటోలు పట్టుకుని తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చింది అందుకే. ఆ బడులకు వాళ్లు పెట్టిన పేరు "టోఫు పిప్పి కట్టడాలు". సోయా పాలు పిండగా మిగిలిన పిప్పి ఎంత మెత్తగా ఉంటుందో, కాంక్రీటు అంత మెత్తగా ఉందని.

మన గుజరాత్ సంగతి కూడా చెప్పాలి. 2001 జనవరి 26, రిపబ్లిక్ డే. జెండా పండగ కాబట్టి చాలా బళ్లలో పిల్లలు గదుల్లో కాకుండా ఆరుబయట ఉన్నారు. బతికిపోయారు. అంజార్‌లో మాత్రం పిల్లలు ఊరేగింపుగా ఇరుకు బజారులోంచి వెళుతుంటే రెండు పక్కల ఇళ్లూ మీద పడ్డాయి. ఆ పిల్లల పేరు మీద ఇప్పుడు అంజార్‌లో ఒక స్మారకం ఉంది, 2022లో తెరిచారు.

అంటే ఇన్నాళ్లూ మన పిల్లల ప్రాణాలు క్యాలెండర్ చేతిలో ఉన్నాయి. ఏ వారం, ఏ గంట అన్నదాని మీద.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నేపాల్‌లో పడిపోయిన బడుల ఫోటోలు చూస్తుంటే నన్ను ఆపేసిన ఒక రకం ఫోటో ఉంది. ఒక్కటి కాదు, జిల్లా జిల్లాలోనూ అలాంటివి దొరుకుతాయి. బడి పైకప్పు రేకులు అలాగే ఉన్నాయి. ఆ రేకుల్ని మోసే ఇనుప ఫ్రేము, ఇనుప స్తంభాలు నిటారుగా ఉన్నాయి. గోడలు మాత్రం లేవు. గోడల రాళ్లన్నీ బెంచీల మీద, నల్లబల్ల ముందు, అయ్యవారు నిలబడే చోట గుట్టలుగా పడి ఉన్నాయి. అస్థిపంజరం నిలబడి మాంసం రాలిపోయినట్టు.

ఇది ఎందుకు ఇలా జరిగిందో తెలుసుకుంటే ఈ మొత్తం కథ అర్థమైపోతుంది.

1988 ఆగస్టులో తూర్పు నేపాల్‌లో ఉదయపూర్ వైపు ఒక భూకంపం వచ్చింది. మన బీహార్‌నూ కుదిపింది. ఆ తర్వాతి కాలంలో, 1990లలో, బడుల కోసం ఒక పద్ధతి బాగా వాడారు. ఇనుప ఫ్రేము, పైన రేకులు ప్రభుత్వం ఇస్తుంది. విదేశీ దాతల డబ్బు, అప్పు తెచ్చిన డబ్బు అందులో ఉంటుంది. గోడలు మాత్రం ఊరివాళ్లు కట్టుకోవాలి. ఊరి భాగస్వామ్యం అన్నమాట. వినడానికి బాగానే ఉంది. ఊరికి కూడా బడి మనది అన్న భావన వస్తుంది. కానీ కొండ మీద ఊళ్లో మనిషి దగ్గర ఏముంటుంది? రాయి ఉంటుంది, మట్టి ఉంటుంది, రెండు చేతులు ఉంటాయి. సిమెంటు బస్తా కావాలంటే రోడ్డు దాకా దిగి, మోసుకుని ఎక్కాలి. అందుకని వాళ్లకు తెలిసిన పద్ధతిలోనే కట్టారు, రాయి మీద రాయి పేర్చి మధ్యలో మట్టి అడుసు పెట్టి.

ఇలాంటి గోడ ఎలా పడిపోతుందో చెబుతాను. గోడ మందం సుమారు అడుగున్నర. బయటి వైపు ఒక వరస రాళ్లు, లోపలి వైపు ఒక వరస. ఆ రెంటి మధ్యలో సందు మిగులుతుంది కదా, అందులో చిన్న చిన్న ముక్కరాళ్లు, మట్టి వేసి నింపుతారు. చూడ్డానికి ఒకటే గోడ. నిజానికి రెండు పలచటి గోడలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి, అంతే. భూమి ఊగినప్పుడు మధ్యలో ఉన్న ముక్కరాళ్లు కిందికి జారి, కర్రను చీల్చే చీలలాగా పని చేస్తాయి. బయటి వరస బయటికి ఉబ్బుతుంది, లోపలి వరస లోపలికి ఉబ్బుతుంది. లోపల ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు.

దీన్ని ఆపడం అంత కష్టమేం కాదు. గోడ మందం మొత్తాన్ని పట్టే పొడవాటి రాయిని అక్కడక్కడా అడ్డంగా వేయాలి. అది రెండు వరసల్నీ కుట్టినట్టు పట్టుకుంటుంది. కిటికీ కింద ఒకటి, తలుపు, కిటికీల పైన లింటెల్ దగ్గర ఒకటి, చుట్టూ తెగకుండా బెల్టులాగా సిమెంటు పట్టీ వేయాలి. నేపాల్ భవనాల కోడ్ 1994లోనే తయారైంది. పుస్తకంలో ఇవన్నీ రాసి ఉన్నాయి. కానీ ఆ పట్టీకి కావాల్సిన సిమెంటు, ఇనుము, ఆ పొడవాటి రాయి ఎందుకు వేయాలో మేస్త్రీకి చెప్పే మనిషి... ఇవేవీ ప్రభుత్వం లెక్కలో లేవు. ప్రభుత్వం డబ్బు ఇనుప ఫ్రేము దగ్గర ఆగిపోయింది. 2015లో భూమి కదిలినప్పుడు డబ్బు పెట్టిన భాగం నిలబడింది, పెట్టని భాగం పడిపోయింది.

ఊరివాళ్ల తప్పు అని నేను అనను. పిల్లల కోసం రాళ్లు మోసి, రోజుల తరబడి పని మానుకుని కట్టిన గోడలవి. నా బాధంతా ఆ లెక్క వేసినవాళ్ల మీద. పైకప్పుకు ఇంజినీరు కావాలి, గోడకు అక్కర్లేదు అని ఎలా అనుకున్నారు? పిల్లలు కూర్చునేది గోడ పక్కనే కదా.

ఇక భూకంపం తర్వాత. ఏప్రిల్ 25 తర్వాత మే 12న దోలఖా వైపు ఇంకో పెద్దది, 7.3. మే 31న బళ్లు మళ్లీ తెరిచారు. అంటే అయిదు వారాలకే. దాదాపు పది లక్షల మంది పిల్లలకు కూర్చోవడానికి గది లేదు. వెదురు గుంజలు పాతి, పైన రేకులో టార్పాలినో కప్పి, తాత్కాలిక కేంద్రాలు కట్టారు. యూనిసెఫ్, ఇంకా బోలెడన్ని సంస్థలు చేయి వేశాయి. అంత తొందరగా తెరవడం చాలా మంచి పని, అది గట్టిగా చెప్పాలి. బడి లేని పిల్లలు పనికి పోతారు, ఆడపిల్లల్ని ఎవరెవరో ఎక్కడెక్కడికో తీసుకుపోతారు. భూకంపం తర్వాత ఆ భయం నేపాల్ కొండల్లో చాలా ఉండింది.

కానీ వెదురు గుడిసె కొన్ని నెలల కోసం. జూన్‌లో వానలు మొదలయ్యాయి. రేకుల షెడ్డులో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, గట్టి వాన పడితే టీచర్ నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. చలికాలంలో అదే రేకు మంచుగడ్డ. చాలా ఊళ్లలో ఆ గుడిసెల్లోనే ఒక ఏడాది, రెండేళ్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ గడిచింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లకు బడి అంటే ఆ గుడిసే.

ఎందుకంత ఆలస్యం? డబ్బు లేక కాదు. 2015 జూన్ 25న కాఠ్మండులో అంతర్జాతీయ సమావేశం పెట్టారు. భారత్ ఒక్కటే వంద కోట్ల డాలర్లు ప్రకటించింది, అందులో నాలుగో వంతు గ్రాంటు, మిగతాది అప్పు. మొత్తం దేశాన్ని మళ్లీ కట్టడానికి 66,900 కోట్ల నేపాలీ రూపాయలు కావాలని అంచనా వేశారు. మన రూపాయి ఒకటికి నేపాలీ రూపాయి 1.6, ఆ లెక్కన మన డబ్బులో నలభై వేల కోట్లు దాటుతుంది. అందులో చదువుల వాటా 4 వేల కోట్ల నేపాలీ రూపాయలకు కొంచెం తక్కువ.

డబ్బు మాట వచ్చింది, ఖర్చు పెట్టే చేయి లేదు. జాతీయ పునర్నిర్మాణ ప్రాధికరణ్ అని ఒక సంస్థ పెట్టాలనుకున్నారు. ఆర్డినెన్సు తెచ్చారు, గడువు దాటిపోయింది, అది పోయింది. ఆ సంస్థకు అధిపతి ఎవరన్నదాని మీద పార్టీల మధ్య గొడవ. సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చింది, దాని మీద మన దేశాన్ని ఆనుకుని ఉన్న మధేశ్ ప్రాంతంలో ఆందోళన, మన సరిహద్దు దగ్గర లారీలు నెలల తరబడి ఆగిపోయాయి. ఆ తప్పు ఎవరిదన్న వాదనలోకి నేను పోను. పెట్రోలు లేదు, గ్యాసు లేదు, మందులు లేవు, ఇక సిమెంటు, ఇనుము మాట ఎవరు ఎత్తుతారు? చివరికి ఆ సంస్థ పని మొదలుపెట్టింది 2015 డిసెంబర్ చివర్లో. ఎనిమిది నెలలు. గుజరాత్‌లో జనవరి 26న భూకంపం వస్తే ఫిబ్రవరి 8కే రాష్ట్ర విపత్తు సంస్థ ఏర్పాటైంది. రెండు వారాలకు, ఎనిమిది నెలలకు తేడా ఎంతో వెదురు గుడిసెలో కూర్చున్న పిల్లల్ని అడగాలి.

ఇప్పుడు బడి కట్టే డబ్బు ఊరికి ఎలా చేరిందో చూద్దాం. నాకు అన్నిటికన్నా ఆసక్తి ఇక్కడే.

నేపాల్‌లో సర్కారు బడిని సాముదాయిక విద్యాలయం అంటారు. చాలా బళ్లు ఊరివాళ్లు భూమి ఇచ్చి, చందాలు వేసుకుని మొదలుపెట్టినవే. జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. ప్రతి బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో తల్లిదండ్రులే ఎక్కువ. పునర్నిర్మాణంలో రెండు దారులు నడిచాయి. ఒకటి, డబ్బు నేరుగా ఆ కమిటీ ఖాతాలో వేస్తారు, కమిటీయే కూలీలను పెట్టుకుని కట్టిస్తుంది. రెండోది, టెండరు పిలిచి కాంట్రాక్టరుకు ఇస్తారు. విదేశీ అప్పు మీద కట్టే పెద్ద పెద్ద భవనాల్లో ఎక్కువగా ఈ రెండోది.

కమిటీ పద్ధతిలో డబ్బు ఒక్కసారిగా రాదు. ఒప్పందం రాసుకున్నాక మొదటి విడత. పునాది లేచాక ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెడితే తర్వాతి విడత. ఇళ్లకు కూడా ఇదే తీరు, ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతల్లో ఇచ్చారు. సంతకం లేకపోతే డబ్బు లేదు. ఇది మంచి కట్టుబాటు. కానీ ఆ ఇంజినీరు ఒక్కడికి ఎన్ని ఊళ్లు? ఒక బడికి వెళ్లాలంటే సగం రోజు జీపు, తర్వాత నడక. ఆయన వచ్చేదాకా పని ఆగుతుంది. ఈలోగా వానాకాలం వస్తే ఆ సీజన్ పోయినట్టే.

హెడ్‌మాస్టర్ పరిస్థితి ఆలోచించండి. నిన్నటిదాకా లెక్కలు చెప్పిన మనిషి. ఇవాళ సిమెంటు రేటు బేరం ఆడాలి, ఇసుక లారీ వచ్చిందో లేదో చూడాలి, బిల్లులు దాచాలి, ఆడిట్‌కు జవాబు చెప్పాలి. తేడా వస్తే ఆయన మెడకే చుట్టుకుంటుంది. రోడ్డు అయిపోయిన చోట సిమెంటు బస్తా కంచర గాడిద ఎక్కుతుంది. ఒక్కో మలుపు దాటేకొద్దీ బస్తా ధర పెరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చే మొత్తం డిజైను ప్రకారం. ఆ తేడా ఎవరు పెట్టుకోవాలి? మళ్లీ ఊరే. వాళ్ల దగ్గర దానికి ఉన్న మాట మన మాటే, శ్రమదానం. వారానికి ఒక ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి ఏటి నుంచి ఇసుక మోయడం. ఇళ్లు కూడా కూలిపోయి, వాటినే ఇంకా కట్టుకోలేని జనం.

కాంట్రాక్టరు పద్ధతిలో హెడ్‌మాస్టర్‌కు ఈ టెన్షన్ లేదు. రెండు మూడు అంతస్తుల భవనానికి మిషన్లు, అనుభవం ఉన్న కంపెనీయే కావాలి కూడా. కానీ తక్కువ రేటు వేసినవాడికి పని, ఆ రేటుకు గిట్టుబాటు కాకపోతే పిల్లర్లు లేపి వదిలేసి ఇంకో పనికి పోవడం, ఇది మన దగ్గర చూడనిదేమీ కాదు. ఊరివాళ్లు అడిగితే "మీకేం సంబంధం, ఆఫీసులో అడగండి" అంటారు.

నా అభిప్రాయం దాచుకోను. నాలుగు గదుల, ఆరు గదుల బడికి కమిటీ పద్ధతే మేలు, కానీ రెండు షరతుల మీద. ఇంజినీరు వారానికి ఒక్కసారైనా అక్కడ ఉండాలి, రవాణా ఖర్చు ప్రభుత్వమే పూర్తిగా పెట్టుకోవాలి. ఆ రెండూ లేకుండా కమిటీకి డబ్బు ఇచ్చాం అంటే పాత ఇనుప ఫ్రేము కథే మళ్లీ. సగం మనం ఇస్తాం, మిగతా సగం మీ చావు మీరు చావండి అన్నట్టు.

కమిటీ వైపు నేను మొగ్గడానికి కారణం ఉంది. మా నాన్న మేస్త్రీ. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో పనికి వెళ్లేవాణ్ని. ఒకసారి ఒక చోట పిల్లర్‌కు ఇనుము కడుతున్నారు. నిలువు రాడ్ల చుట్టూ రింగులు ఎక్కిస్తున్నారు. నాన్న ఒక రింగు తీసి నా చేతిలో పెట్టి, "కొన ఎటు వంగిందో చూడరా" అన్నాడు. చూస్తే ఎల్ ఆకారంలో వంగి ఉంది. అంటే 90 డిగ్రీలు. "దీన్ని లోపలికి వంచాలి. చేప గాలం చూశావుగా, అట్లా. పిల్లర్ గట్టిగా ఊగితే ఈ ఎల్ ఊడిపోతుంది, గాలం ఊడదు" అన్నాడు. ఆ రోజు ఆ పని ఇప్పించినవాళ్లకు అది నచ్చలేదు. ఒక్కో రింగుకు కొంచెం ఇనుము ఎక్కువ పడుతుంది, వంచడానికి టైము పడుతుంది. కాంక్రీటు పోసేశాక ఎవరికీ కనపడదు కూడా. నాన్న మాట చెల్లలేదు. ఎవరి పని, ఎక్కడ అన్నది వదిలేద్దాం.

చాలా ఏళ్ల తర్వాత భూకంపం ఇంజినీరింగు పాఠాల్లో చదివాను, ఆ వంపు 135 డిగ్రీలు ఉండాలి, కొన కాంక్రీటు లోపలికి పోవాలి. భూమి ఊగినప్పుడు పిల్లర్ పైపొర రాలిపోతుంది. అప్పుడు లోపలి కాంక్రీటును పట్టి ఉంచేది ఈ రింగులే. 90 డిగ్రీల రింగు విచ్చుకుంటే నిలువు రాడ్లు బయటికి వంగిపోతాయి, పై అంతస్తు కిందికి దిగిపోతుంది. నేపాల్‌లో కూలిన కాంక్రీటు భవనాల శిథిలాల్లో ఇలా విచ్చుకున్న రింగులు ఇంజినీర్లకు ఎన్నో కనిపించాయి.

నేను కమిటీ వైపు ఎందుకన్నానంటే, ఆ రింగు కనిపించేది కాంక్రీటు పోయకముందు రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో అక్కడ ఉండేది ఎవరు? ఆడిటర్ ఉండడు. మంత్రి ఉండడు. పక్కింటి తల్లి ఉంటుంది, పాలు పోసి వస్తూ ఆగే తండ్రి ఉంటాడు. వాళ్లకు ఏం చూడాలో చెబితే చాలు.

ఇది ఉత్త ఆశ కాదు, చేసి చూపించినవాళ్లు ఉన్నారు. నేపాల్‌లోనే ఎన్‌సెట్ అని ఒక సంస్థ ఉంది, భూకంప ఇంజినీర్లది. 1990ల చివర్లో భక్తపూర్ జిల్లా నంగ్‌ఖేల్ అనే ఊళ్లో ఒక చిన్న బడిని పట్టుకున్నారు. కూల్చి కొత్తది కట్టలేదు. ఉన్న గోడలకే పట్టీలు వేసి, కుట్టి, గట్టి చేశారు. ఇంజినీర్లు దాన్ని రెట్రోఫిట్టింగ్ అంటారు. చిరిగిన గోనెసంచిని పారేయకుండా చుట్టూ కుట్టు వేసినట్టు. పని చేసింది ఊరి మేస్త్రీలే, వాళ్లకు దగ్గరుండి నేర్పించారు. తల్లిదండ్రులు వచ్చి చూశారు. అదే పద్ధతిని తర్వాత ప్రభుత్వం అందుకుంది. ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు, ఆస్ట్రేలియా లాంటివాళ్లు డబ్బు ఇచ్చారు. 2015 నాటికి కాఠ్మండు లోయలో 160 దాకా బడులు ఇలా గట్టిపడ్డాయి. భూకంపం వచ్చినప్పుడు వాటిలో ఒక్కటీ కూలలేదు. చుట్టుపక్కల జనం వాటి ఆవరణల్లోనే తలదాచుకున్నారు.

కొత్తగా కట్టే ఖర్చులో కొంత భాగంతో అయ్యే పని ఇది. ఇది తెలిసి కూడా దేశంలో మిగతా వేల బడులకు ఆ పని జరగలేదు. పడిపోయాక డబ్బు ఇచ్చేవాళ్లు ప్రపంచం నిండా ఉంటారు. పడకముందు ఇచ్చేవాళ్లు దొరకరు. గట్టి చేసిన బడికి రిబ్బను కత్తిరించే ఫోటో అంత బాగా రాదు మరి. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

మన దేశం చేసిన పని కూడా చెప్పుకోవాలి. భారత్ గ్రాంటులో 5 కోట్ల డాలర్లు చదువుల కోసం పెట్టారు. 71 విద్యా సంస్థలు, అందులో త్రిభువన్ విశ్వవిద్యాలయం సెంట్రల్ లైబ్రరీ కూడా ఉంది. సాంకేతిక బాధ్యత రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తీసుకుంది. ఇంజినీర్ల పర్యవేక్షణ ఆ ఏర్పాటులోనే ఉంది. చైనా డబ్బుతో కాఠ్మండు రాణీపోఖరి పక్కనున్న దర్బార్ హైస్కూలు మళ్లీ లేచింది. 1854లో, నేపాల్‌ను రాణా వంశం ఏలిన కాలంలో మొదలైన బడి అది, నేపాల్‌లో ఆధునిక చదువు మొదలైందే అక్కడ. మొదట రాణాల పిల్లలకే, తర్వాత అందరికీ. మహాకవి లక్ష్మీప్రసాద్ దేవ్‌కోటా అక్కడే చదివాడు.

పునర్నిర్మాణ సంస్థ మొత్తం 7,553 బడులను జాబితాలో పెట్టుకుంది. 2021 డిసెంబరులో గడువు ముగిసి ఆ సంస్థ మూతపడే నాటికి 80 శాతానికి పైగా పూర్తయ్యాయి. ఇంత పేద దేశం, ఇన్ని కొండలు, మధ్యలో కరోనా. చిన్న విషయం కాదు. కొత్త బడుల్లో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్లు, నడవలేని పిల్లలకు ర్యాంపులు వచ్చాయి. పాత బడుల్లో చాలాచోట్ల అవి లేవు. మిగిలిన ఆ 20 శాతం లోపు బడుల పిల్లలు మాత్రం మొత్తం ఆరేళ్లు ఎదురు చూశారు.

ఇక మన సంగతి. మనకేం భూకంపాలు రావు అని అనుకుంటాం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలంలో 5.7 తీవ్రతతో వచ్చింది. 2024 డిసెంబర్ 4న పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3. హైదరాబాద్‌లో, ఖమ్మంలో, విజయవాడలో జనం బయటికి పరుగెత్తారు. అది బుధవారం, ఇంకో గంటన్నర ఆగితే బడి గంట కొట్టేవాళ్లు. గోదావరి లోయ దేశపు భూకంప మ్యాపులో మిగతా తెలంగాణ కంటే ఒక మెట్టు పైనే ఉంటూ వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో మన బడి నాడు-నేడు పనులు జరిగాయి. మొదటి విడతలోనే 15,715 బడులు. డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాల్లో వేశారు, అచ్చం నేను పైన చెప్పిన పద్ధతి. తెలంగాణలో మన ఊరు మన బడి, తర్వాత అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు. పార్టీల మాట పక్కన పెట్టండి. వేల ఊళ్లలో తల్లులు, తండ్రులు బిల్లులు చూడటం, ఇసుక లెక్క అడగటం నేర్చుకున్నారు. ఇది పెద్ద ఆస్తి. ఆ జాబితాల్లో మరుగుదొడ్లు, తాగునీళ్లు, ఫర్నిచర్, రంగులు, ఫ్యాన్లు, ప్రహరీ, మరమ్మతులు ఉన్నాయి. అన్నీ కావాల్సినవే. భూకంపానికి గోడ, పిల్లర్ తట్టుకుంటాయా అని చూసే అంశం విడిగా నాకు ఎక్కడా కనపడలేదు. ములుగు, భద్రాద్రి, ఏలూరు ఏజెన్సీ బళ్లలో ముందుగా అది చూడండి అని నేను అడుగుతున్నాను. కమిటీలో ఉన్న అమ్మలకు సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం వచ్చు. రింగు కొన ఎటు వంగిందో చూడటం ఒక్క పూటలో నేర్పొచ్చు.

ఆఖరుగా ఇంకో తేదీ చెబుతాను. 2023 నవంబర్ 3. పశ్చిమ నేపాల్, జాజర్‌కోట్ జిల్లా. ఈసారి తీవ్రత తక్కువే, నేపాల్ లెక్కలో 6.4. అయినా నూట యాభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది నిద్రలోనే, రాయి, మట్టి గోడల కిందే. 2015 పునర్నిర్మాణం అంతా మధ్య నేపాల్ జిల్లాల్లో జరిగింది, ఈ వైపు రాలేదు. ఇక్కడ బళ్ల గోడలు పాతవే. మళ్లీ వందల బడులు దెబ్బతిన్నాయి, మళ్లీ చలికాలం ముందు టార్పాలిన్ కింద తరగతులు మొదలయ్యాయి.

భూమి కదిలింది రాత్రి 11 గంటల 47 నిమిషాలకు. శుక్రవారం. తెల్లవారితే శనివారం, బడికి సెలవు.